మోతాదు – ఫలితము : క్యాన్సరు మందుల పరీక్ష



నేటి నా ప్రసంగ విషయము క్యాన్సరు మందులను ప్రయోగశాలలో పరీక్షించు విధానము. అందులోను ముఖ్యముగ, మోతాదు పెంచినకొలది ఫలితమెట్లు మాఱునో దానిని ఒక గీతగా గీచి, ఆ గీతను లెక్కలోనికి దించు పద్ధతి. ఇది పండితుల చర్చకు తగినదే కాని పల్లెటూరి పెద్దలకు దీనితో పనియేమి యని తమలో కొందఱు అనుకొనవచ్చును. పని యున్నది. ఎట్లున్నదో ముందుగ మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట మా ఊరినుండి ఒక పెద్దమనిషి నాయొద్దకు వచ్చినారు. వరుసకు నాకు బాబాయి. ఆయన బావమఱదికి గొంతులో క్యాన్సరు, మన పెద్దలు రాచపుండు అని చెప్పుకొను జబ్బు, వచ్చినట్లు వైద్యులు తేల్చినారు. పట్టణములో చికిత్స ఆరంభమైనది. బాబాయిగారి చేతిలో మడతలు పడిన పత్రికాఖండ మొకటి యున్నది. ఒక చెట్టు ఆకుపసరు ప్రయోగశాలలో క్యాన్సరు కణములను నూటికి తొంబదివంతులు చంపినదని అందు వ్రాసియున్నది.

“అబ్బాయీ, నీవు ఇట్టి పరీక్షలు చేయుచోట పనిచేసినవాడవు. ఈ మాట నిజమేనా? నిజమైనచో వాడికి ఈ సూదిమందులేల, ఈ వాంతులేల? ఆ చెట్టు మా దొడ్డిలోనే యున్నది” అని ఆయన అడిగినారు.

“నిజమే అయి యుండవచ్చును బాబాయిగారూ; కాని దానితో మనకు ప్రయోజనము లేదు” అంటిని.

ఆయనకు కోపము వచ్చినది. “నిజమైనది ప్రయోజనము లేనిదెట్లగును?” అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనది. ఆనాడు నేను చెప్పిన సమాధానము తొందరలో చెప్పినది. ఆయనకు తృప్తి కలుగలేదు, నాకును కలుగలేదు. ఇట్టి పత్రికాఖండములు ఇప్పుడు ఊరూర తిరుగుచున్నవి. ఇంటిలో జబ్బుపడినవారు వైద్యము సాగింపవలెనో మానవలెనో నిర్ణయింపవలసివచ్చినపుడు అందఱును పెద్దల ముఖమే చూచెదరు. కావున ఆ ప్రశ్నకు నిదానముగ సమాధానము చెప్పుటయే నేటి నా ప్రయత్నము.

మొదట మోతాదు మాట. ఏ పదార్థమైనను విషమా ఔషధమా అనునది దాని మోతాదును బట్టి యుండునని స్విట్జర్లండు దేశపు వైద్యుడు పారాసెల్సస్ 1538లో వ్రాసినాడు. ఈ సంగతి మనకు క్రొత్త కాదు. నాభిని శుద్ధిచేసి గింజయెత్తున మందులో వాడిన వైద్యులు మన ఊళ్ళలోనే యుండిరి. కూరలో వేసిన చిటికెడు ఉప్పు రుచినిచ్చును. ఊరగాయలో వేసిన ఉప్పు సూక్ష్మజీవులను పెరుగనీయదు. అదే ఉప్పు ప్రయోగశాలలో క్యాన్సరు కణములమీద గట్టిగ పోసినచో అవియును చచ్చును. అంతమాత్రమున ఉప్పు క్యాన్సరుకు మందని ఎవరును అనరు. కావున “చంపినది” అను మాట యొక్కటే వినిన చాలదు. ఎంత మోతాదులో చంపినది అనునది తెలియవలెను. పరీక్ష అంతయు ఈ “ఎంత” కొఱకే.

ఆ పరీక్ష జరుగు తీరు వినుడు. అరచేతిలో ఇముడునంతటి ప్లాస్టిక్ పలకలో వరుసకు 12 చొప్పున 8 వరుసలుగ 96 చిన్న గుంటలుండును. ఒక్కొక్క గుంటలో కొన్నివేల క్యాన్సరు కణములను, అవి బ్రతుకుటకు కావలసిన పోషకద్రవమును పోయుదురు. మన ఒంటి వేడికి సమానమైన 37 డిగ్రీల వేడిలో ఉంచుదురు. పిమ్మట కొన్ని గుంటలలో మందు వేయక విడిచి, తక్కినవానిలో వేఱువేఱు మోతాదులలో వేయుదురు. రెండు మూడు దినములు గడచినపిదప ఏ గుంటలో ఎన్ని కణములు బ్రతికియున్నవో చూతురు. వానిని ఒక్కొక్కటిగ లెక్కించుట సాధ్యము కాదు. బ్రతికియున్న కణములు పసుపురంగు ద్రవ్యము నొకదానిని ఊదారంగుగ మార్చును, చచ్చినవి మార్చలేవు. రంగు ఎంత చిక్కగ నున్నదో యంత్రముతో కొలిచి, బ్రతికినవెన్నో గ్రహింతురు. ఈ ఉపాయమును మోస్మన్ అను శాస్త్రజ్ఞుడు 1983లో ప్రకటించినాడు.

మోతాదుల నెట్లు ఎన్నుకొందురు? ఒకటి, రెండు, మూడు అని కాదు. పదవవంతు, అందులో పదవవంతు అని దిగుచుందురు. ఒక గ్లాసు చిక్కని మజ్జిగలో తొమ్మిది గ్లాసుల నీరు పోసి కలిపి, దానిలోనుండి ఒక గ్లాసు తీసి మరల తొమ్మిది గ్లాసుల నీరు పోసినట్లు. ఇట్లు నాలుగుమాఱులు చేసినచో మొదటిదానికిని కడపటిదానికిని పదివేల రెట్ల భేదము వచ్చును. అమెరికా దేశపు జాతీయ క్యాన్సరు సంస్థ 1990లో ఆరంభించిన పెద్ద పరీక్షాక్రమమున ఇదే పద్ధతి. తొమ్మిది విధముల క్యాన్సరులనుండి తెచ్చి పెంచిన 60 కణజాతులమీద, ప్రతి మందును ఇట్టి ఐదు మెట్ల మోతాదులలో రెండు దినములపాటు పరీక్షించెడివారు. ఒక్క మోతాదును చూచి మందు గుణమును నిర్ణయింపరాదని దీనినిబట్టియే తెలియుచున్నది.

ఇప్పుడు గీత మాట. అడ్డముగ మోతాదు మెట్లను, నిలువుగ బ్రతికిన కణముల సంఖ్యను గుర్తించి చుక్కలు పెట్టినచో ఆ చుక్కలు ఏ రూపున నిలుచునో చెప్పెదను. తామందఱును చూచినదే: చెఱువుకట్ట. కట్టమీద కొంతదూరము సమతలము. అనగా మోతాదు మిక్కిలి తక్కువైనపుడు కణములకు ఏమియు కాదు. తరువాత వాలు, మోతాదు హెచ్చినకొలది చచ్చునవి హెచ్చును. వాలు ముగిసిన పిదప క్రింద పొలము, అదియు సమతలమే. ఇక ఎంత పోసినను చచ్చునవి హెచ్చవు.

చెఱువుకట్టను చూడనివానికి దాని ఆకారమును తెలుపవలెనన్న నాలుగు కొలతలు చెప్పినచో చాలును. పైతలమెంత ఎత్తు? క్రింది పొలమెంత ఎత్తు? వాలు నడిమిచోటు ఎక్కడ? వాలు నిటారుగ నున్నదా, ఏటవాలుగ నున్నదా? మందుగీతకును ఈ నాలుగు కొలతలే. కణములలో సగము తగ్గు మోతాదును శాస్త్రజ్ఞులు నడిమి మోతాదుగ గ్రహింతురు. వాలు ఎంత నిటారో తెలుపు అంకెకు ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు హిల్ పేరు పెట్టినారు. ఆయన 1910లో రక్తము ప్రాణవాయువును పట్టుకొను తీరును లెక్కగట్టుటకు ఒక సూత్రము వ్రాసినాడు. రక్తము కొఱకు పుట్టిన ఆ సూత్రమే తరువాత మందుల లెక్కకును అక్కఱకు వచ్చినది.

కట్ట అంచును గాక నడిమిచోటును పట్టుకొనుటకు కారణమున్నది. పూర్వము మందు విషమును కొలుచుటకు “చంపగల అతితక్కువ మోతాదు” అను కొలత వాడెడివారు. కాని ఒకే జాతి జంతువులలోను ఒకటి త్వరగ లొంగును, ఒకటి తట్టుకొనును. కావున ఆ కొలత ఒకరి పరీక్షలో ఒకటిగను, వేఱొకరి పరీక్షలో వేఱొకటిగను వచ్చుచుండెను. ట్రెవన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1927లో ఈ లోపమును చూపి, సగము జంతువులను చంపు మోతాదే నిలుకడగల కొలత అని నిరూపించినాడు. కట్ట అంచు ఎక్కడ మొదలగునో ఇద్దఱు ఒక్కటిగ చెప్పలేరు. వాలు నడుమ ఎక్కడనో మాత్రము ఇంచుమించు ఒక్కటిగ చెప్పగలరు.

సూత్రమును మాటలలో చెప్పెదను. మోతాదు నడిమి మోతాదుకు ఎన్ని రెట్లో చూడుము. దానికి ఒకటి కలుపుము. నూటిని దానితో భాగింపుము. వచ్చినదే నూటికి బ్రతికియుండు కణములు. ఏటవాలుగ నున్న సామాన్యపు గీతకు ఇది లెక్క. నడిమి మోతాదే వేసినచో ఒకటికి ఒకటి కలిపిన రెండు. నూటిలో సగము, 50. దానికి పది రెట్లు వేసినచో పదునొకండు. ఇంచుమించు 9 మిగులును. నూఱు రెట్లు వేసినను ఒకటి మిగులును. వాలు రెండింతలు నిటారైనచో ఆ రెట్లను దానితోనే హెచ్చవేసి పిమ్మట ఒకటి కలుపవలెను. అప్పుడు పది రెట్లకు నూటయొకటి. అనగా పది రెట్లకే ఒకటి మిగులును. చూడుడు: రెండు మందులకును నడిమి మోతాదు ఒక్కటియే, అయినను పది రెట్ల మోతాదులో ఒకటి తొమ్మిదింటిని విడిచినది, ఒకటి ఒక్కదానిని విడిచినది. నడిమి అంకె నొక్కదానినే చూచి మందులకు తరతమములు కట్టువాడు మోసపోవును.

చుక్కలు ఎన్నడును గీతమీద చక్కగ నిలువవు. పలక అంచులనున్న గుంటలలో ద్రవము త్వరగ ఇంకును. చేయి తొణికినచో ఒక గుంటలో కణములు హెచ్చుగ పడును. అందుచేత ఒక్కొక్క మోతాదును మూడేసి గుంటలలో వేసి చూతురు. అన్ని చుక్కలకును వీలైనంత దగ్గఱగ పోవు గీతను యంత్రము వెదకి యిచ్చును. ప్రతి చుక్క గీతకెంత ఎడముగ నున్నదో చూచి, ఆ ఎడములను దానితోనే హెచ్చవేసి మొత్తము కట్టి, ఆ మొత్తము అతితక్కువగ నుండు గీతను ఎన్నుకొనుట దీని పద్ధతి. ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండ్రు 1805లో ఈ పద్ధతిని ప్రకటించినాడు.

ఇచ్చట నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. ప్రయోగశాలలో పనిచేయుచుండిన క్రొత్తలో నేనొక మందును పరీక్షించితిని. నేను వేసిన మోతాదులన్నియు తక్కువవి. చుక్కలు కట్ట పైతలమున కొన్ని, వాలు మొదట కొన్ని పడినవి. వాలు నడుమనైనను, క్రింది పొలమునందైనను ఒక్కటియు పడలేదు. అయినను యంత్రము ఒక నడిమి మోతాదును దశాంశములతో సహా అచ్చువేసి యిచ్చినది. నేను దానినే నివేదికలో వ్రాసితిని. పై అధికారి అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఈ మోతాదును నీవు ఎప్పుడైన వేసి చూచినావా?” లేదు. హెచ్చు మోతాదులు వేసి మరల చూడగా, ఆ మందు కణములలో సగమును కూడ ఎన్నడును తగ్గింపలేదని తేలినది. నేను వ్రాసిన అంకె చీకటిలో చేయి చాచి చూపిన దూరము వంటిది. అచ్చులో నున్న అంకెను చూడగనే తలయొగ్గు అలవాటు నాకు ఆనాడే పోయినది.

నడిమి మోతాదు దాచిపెట్టు సంగతులు మఱి రెండున్నవి. మొదటిది క్రింది పొలము ఎత్తు. కొన్ని మందులు చాల తక్కువ మోతాదులోనే పనిచేయ మొదలిడును. కాని ఎంత పెంచినను నూటికి ఇరువది కణములు మిగిలిపోవును. క్యాన్సరులో మిగిలినవే ప్రాణాపాయము. ఒక గ్రాము కణితిలో ఇంచుమించు నూఱుకోట్ల కణములుండునని లెక్క. వేయింట తొమ్మిదివందల తొంబదితొమ్మిదింటిని చంపిన మందును మెచ్చుకొనవచ్చును. కాని పదిలక్షల కణములు ఇంకను మిగిలియుండును. అమెరికాలో స్కిప్పర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఎలుకల రక్తక్యాన్సరుమీద పరీక్షలు చేసి, మందు ప్రతి మాఱును ఇన్ని కణములని గాక, ఉన్నవానిలో ఇంతవంతు అని చంపునని 1964లో ప్రకటించినారు. కణితి కంటికి కనబడకుండ పోయినపిదపను వైద్యులు మందును మరల మరల ఇచ్చుటకు మూలమిదే. “తగ్గినది కదా, ఇంక చాలును” అని నడుమ మానివేయుట, కలుపు తలలు కోసి వేళ్ళు విడుచుట వంటిది.

రెండవది కణములు పెరుగు వేగము. ఒకజాతి కణములు దినమునకొకమాఱు రెట్టింపగుననుకొందము. మూడు దినములలో ఒకటి ఎనిమిదియగును. వేఱొకజాతి మూడుదినములకొకమాఱు రెట్టింపగును, ఒకటి రెండగును. రెండింటికిని ఒకే మందు వేసితిమి. అది దేనిని చంపలేదు, పెరుగుదలను మాత్రము పూర్తిగ నిలిపినది. మూడవనాడు మందు వేయని గుంటలతో పోల్చినచో మొదటిజాతి ఎనిమిదవవంతు, రెండవజాతి సగము కనబడును. చూచువాడు మొదటిదానిమీద మందు గట్టిగ పనిచేసినదనియు, రెండవదానిమీద అంతగ పనిచేయలేదనియు అనుకొనును. మందు చేసిన పని రెండుచోట్లను ఒక్కటే.

ఇది ఊహకు తెచ్చిన చిక్కు కాదు. 2012లో రెండు పెద్ద శాస్త్రజ్ఞుల కూటములు వందలకొలది కణజాతులమీద అనేక మందులను పరీక్షించి ఫలితములను వేఱువేఱుగ ప్రకటించినవి. 2013లో మఱికొందఱు ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినారు. కణముల జన్యువులనుగుఱించిన కొలతలు బాగుగ పొసగినవి. మందులకు కణములు లొంగిన కొలతలు అంతగ పొసగలేదు. దీనిమీద పెద్ద చర్చ జరిగినది. పరీక్షించు పద్ధతిలోని భేదములును, లెక్కకట్టు పద్ధతిలోని భేదములును ఇందుకు కొంత కారణమని తెలిసినది. 2016లో హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన హాఫ్నర్, సోర్గర్ మున్నగువారు, బ్రతికిన కణముల సంఖ్యను గాక కణములు పెరుగు వేగము ఎంత తగ్గినదో కొలుచు క్రొత్త లెక్కను ప్రకటించి ఈ చిక్కును కొంత తీర్చినారు.

ఇంతవఱకు క్యాన్సరు కణముల గీతను మాత్రమే చూచితిమి. కాని రోగి ఒంటిలో మంచి కణములును ఉన్నవి. వానికిని ఒక గీత యున్నది. రెండు గీతలను ఒకే కాగితముమీద గీచినపుడే మందు విలువ తెలియును. క్యాన్సరు కణముల వాలు ముందుగ మొదలై, మంచి కణముల వాలు చాలదూరము తరువాత మొదలైనచో, ఆ రెండింటి నడుమనున్న చోటు వైద్యుడు నిలువదగిన చోటు. రెండు గీతలును ఒకదానిమీద నొకటి పడినచో అది మందు కాదు, విషము. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున, యుద్ధపు విషవాయువుకు బంధువైన నైట్రోజన్ మస్టర్డ్ అను ద్రవ్యమును క్యాన్సరు రోగికి మొదటిమాఱు ఇచ్చినారు. కణితి కొలది దినములలో కరగినది. వెనువెంటనే రక్తములోని తెల్లకణములు ప్రమాదకరముగ తగ్గిపోయినవి. కొంతకాలమునకు కణితి మరల వచ్చినది. రెండు గీతల నడుమ చోటు ఎంత ఇరుకో ఆ వైద్యులకు ఆనాడు తెలిసినది.

ఈ సందర్భమున మన తెలుగువాని నొకనిని స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగ నుండిరి. క్యాన్సరు కణములకు కావలసిన ఫోలిక్ ఆమ్లమునకు అడ్డుపడు అమినాప్టెరిన్ అను మందును, పిమ్మట మెథోట్రెక్సేటును ఆయన నాయకత్వమున తయారుచేసినారు. బోస్టను నగరమున వైద్యుడు ఫార్బర్ అమినాప్టెరిన్‌ను రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించినాడు. పదునాఱుగురు పిల్లలలో పదిమందికి గుణము కనబడినది, అది తాత్కాలికమే. అంతకుముందు ఆ జబ్బుకు ఆ మాత్రపు మందైనను లేదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే పరమపదించినారు.

మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. కీళ్ళవాతమునకు దీనిని వారమునకు ఒకే ఒకమాఱు, సామాన్యముగ 7.5 మొదలు 25 మిల్లీగ్రాములవఱకు ఇత్తురు. కొన్ని ఎముకల క్యాన్సరులలో ఇదే మందును గ్రాముల లెక్కన, దానికి వేయిరెట్లవఱకును ఇచ్చి, మంచి కణములు చావకుండ లూకోవొరిన్ అను విఱుగుడును గడియారము చూచి ఇత్తురు. వారమునకొకమాఱు వేసికొనవలసిన మాత్రను పొరబడి ప్రతిదినము వేసికొని ప్రాణములు కోల్పోయినవారు అనేక దేశములలో నున్నారు. తమ ఇంటిలో ఎవరైన ఈ మందు వాడుచున్నచో, ఏ వారమున వేసికొనవలెనో చీటిమీద పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు. మోతాదుగీత కాగితముమీది గీత మాత్రమే కాదని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

ఇక గుంటకును ఒంటికిని గల భేదము. గుంటలో పోసిన మందు అక్కడనే యుండి కణములను తాకుచుండును. నోట వేసికొన్నది కడుపు దాటవలెను, ప్రేగులలోనుండి రక్తములోనికి పోవలెను, కాలేయము దానిని మార్చివేయకుండ తప్పించుకొనవలెను, మూత్రపిండములు బయటికి నెట్టకముందే కణితిని చేరవలెను. మన ఇంటి పసుపులోని కర్క్యుమిన్ అను ద్రవ్యము గుంటలలోని క్యాన్సరు కణములను చంపును, ఇది సత్యమే. కాని 1998లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో మనుష్యులకు ఒక్కొక్కరికి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూడగా, రక్తములో అది కనుగొనుటకు వీలులేనంతగనో, అతిస్వల్పముగనో కనబడినది. గుంటలో పనిచేసిన మోతాదు రక్తములో నిలువనపుడు ఆ గీత మనిషికి వర్తింపదు. పసుపు కూరలో మంచిదే. క్యాన్సరుకు అది చికిత్స కాదు.

ఇట్లన్నంతమాత్రమున చెట్లలో మందు లేదని నా అభిప్రాయము కాదు. తమ వాకిళ్ళలో పూయు బిళ్ళగన్నేరునుండియే విన్‌క్రిస్టిన్ అను గొప్ప మందు వచ్చినది. పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో దానికి నేటికిని ప్రముఖ స్థానమున్నది. కాని దాని మోతాదు మాట వినుడు. పెద్దవారికి సామాన్యముగ ఒకమాఱు 2 మిల్లీగ్రాములకు మించి ఇయ్యరు. అనగా ఒక గ్రామును అయిదువందల భాగములు చేసినచో అందులో ఒక భాగము. అది మీఱినచో నరములు దెబ్బతినును. ఆకులో అది ఎంత యుండునో చెట్టుచెట్టుకు భేదించును. దానితోపాటు వేఱు విషములును ఉండును. గుప్పెడాకులు నూఱి త్రాగువాడు ఈ కట్టమీద ఎక్కడ నిలిచియున్నాడో వానికి తెలియదు, పోసినవానికిని తెలియదు. ఆకును మందుగ చేసినది కొలతయే.

మఱియొక మాట. హెచ్చు మోతాదే మేలని వైద్యులుకూడ చాలకాలము తలచినారు. రోగి తట్టుకొనగల అత్యధిక మోతాదును కనుగొని దానినే ఇచ్చుట వాడుక. కాని క్రొత్తరకపు మందులలో కొన్నింటికి గీత త్వరగనే క్రింది పొలమును చేరును. ఆ పైన పెంచినచో బాధలే హెచ్చును. 2021లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ సోటొరాసిబ్ అను ఊపిరితిత్తుల క్యాన్సరు మందును దినమునకు 960 మిల్లీగ్రాముల మోతాదున అంగీకరించుచునే, 240 మిల్లీగ్రాములతో పోల్చి చూడవలెనని తయారుచేసినవారిని ఆజ్ఞాపించినది. క్యాన్సరు మందుల మోతాదులను సరిగ ఎన్నుకొనుటకై ఒక ప్రత్యేక ప్రయత్నమును ఆ సంవత్సరమే ఆరంభించినది. కావున మందువలన బాధ హెచ్చుగ నున్నచో ఆ సంగతిని దాచక వైద్యునికి చెప్పుట రోగి ధర్మము. మోతాదును తగ్గించుట, ఎడమిచ్చుట, మార్చుట వైద్యుడు చేయవలసిన పని. చెప్పకుండ మానివేయుట మనము చేయరాని పని.

ఇప్పుడు బాబాయిగారి ప్రశ్నకు వచ్చెదను. నిజమైనది ప్రయోజనము లేనిదెట్లగును? ఆయన మరల వచ్చినపుడు నేలమీద పుల్లతో చెఱువుకట్టను గీచి, ఇంతవఱకు తమకు చెప్పిన దంతయు చెప్పితిని. ఆయన ఓపికతో విని, “అయితే ఈ కాగితములో ఏమేమి వ్రాయలేదో చెప్పుము” అన్నారు. ఆ మాటతో నాకు దారి దొరకినది. ఇద్దఱమును కలిసి ఆ కాగితమును మరల చదివితిమి. నాలుగు సంగతులు అందు లేవు. ఎంత మోతాదులో చంపినదో లేదు. ఆ మోతాదున మంచి కణములకేమైనదో లేదు. ఆ మోతాదు మనిషి రక్తములో నిలుచునో లేదో చెప్పలేదు. మనుష్యులకిచ్చి చూచినారా యను మాటయే లేదు. నూటికి తొంబది యను అంకె నిజమే కావచ్చును. అది చెఱువుకట్టమీద నాటిన ఒకే ఒక రాయి. కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో ఆ రాయి చెప్పదు.

బాబాయిగారు ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, “దీనిని వైద్యునికి చూపి ఈ నాలుగును ఆయననే అడిగెదను” అన్నారు. అట్లే అడిగినారు. బావమఱదిగారికి చికిత్స నిలువలేదు; పసరు త్రాగింపలేదు. ఆ పిమ్మట ఏమగునో చెప్పుటకు నేను జ్యోతిష్కుడను కాను, వైద్యుడనును కాను. తెలిసి ఎన్నుకొనుటయు తెలియక ఎన్నుకొనుటయు ఒక్కటి కాదని మాత్రము చెప్పగలను.

పెద్దలారా, తమ ఊరిలోనికి ఇట్టి కాగితము వచ్చినపుడు తెచ్చినవానిని తిట్టకుడు; ఆశతో తెచ్చినాడు. ఈ నాలుగు ప్రశ్నలు మాత్రము అడుగుడు. ఎంత మోతాదు? మంచి కణముల మాట యేమి? రక్తములో నిలుచునా? మనుష్యులలో చూచినారా? సమాధానములున్నచో మంచిదే; వైద్యునికి చూపుడు. లేనిచో, ఇంటిలోని రోగిని నడుచుచున్న దారినుండి తప్పింపకుడు.